బెంచీ మీది బాబాయి

మంగళవారం పొద్దున తొమ్మిదింబావుకి ఆఫీసు మీటింగులో ఉండగా ఫోన్ మోగింది. ఆసుపత్రి నంబరు. ఆ నంబరు కోసమే పద్నాలుగు నెలలు ఎదురుచూశాం కాబట్టి, చూడగానే లేచి నిలబడ్డాను. నర్సు చాలా మర్యాదగా, చాలా నెమ్మదిగా మాట్లాడింది. బాబాయి పోయారు. కాఫీ అడిగారట, అది తెచ్చేలోపే పోయారట. ఆ కాఫీ సంగతి నాకెందుకు చెప్పిందో తెలీదు. సరే అన్నాను, థాంక్స్ కూడా చెప్పాను, మళ్లీ కూర్చుని నా వంతు వచ్చినప్పుడు నిన్న ఏం పని చేశానో చెప్పాను. ఆ తర్వాత బాత్రూంలోకి వెళ్లి నోట్లో స్కార్ఫు కుక్కుకుని ఏడ్చాను.

మన తెలుగు సంఘం సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. మీలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు, ఎవరో తెలిసి ఉండదు. ఉగాదికి మనం తీసుకునే హాలు గుమ్మంలో సరిగ్గా మధ్యలో నిలబడి ఉండే ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. దారివ్వమంటే నవ్వి పక్కకి జరిగేవారు, కాసేపటికి మళ్లీ మధ్యలోకే వచ్చేసేవారు. హాలు వాళ్ల సెక్యూరిటీ అనుకున్నామని ఒకావిడ నాతో అంది. ఆయన ఈ జర్మనీలో పదకొండేళ్లు జీతానికి ఫుట్‌బాల్ ఆడిన గోల్‌కీపరు. అందులో మొదటి అయిదేళ్లూ ఆడింది లేదు, బెంచీ మీద కూర్చున్నారు. నేను రాయాల్సింది ఆ బెంచీ గురించే.

ఆయన నాకు చుట్టం కాదు. మాది కరీంనగర్, మేం చిన్నాయన అంటాం. ఆయన తండ్రి డాక్టరు, అరవైల్లో తెనాలి నుంచి భార్యతో ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. ఈయన ఇక్కడే పుట్టారు. పెళ్లయింది, విడిపోయారు, పిల్లల్లేరు. తెలుగు వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నదే, ఆమెతో మాట్లాడిందే. ఆవిడ పోయాక పన్నెండేళ్లపాటు ఎవరితోనూ ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదట.

హాంబర్గులో ఇప్పుడున్న ఇంటికి మారిన మొదటి ఆదివారం కుక్కరు పెట్టాను. మూడో విజిల్‌కి బెల్లు మోగింది. ఆదివారం పూట చప్పుడు చేస్తే ఇక్కడ ఊరుకోరని మీకు తెలుసుగా. మా ఆయన గొంతు తగ్గించి, "నేను చెప్తనే ఉన్న, ఇయ్యాల కుక్కర్ వద్దని. పో, నువ్వే సారీ చెప్పు" అన్నాడు. తలుపు తీస్తే గుమ్మం నిండా ఒక మనిషి. సారీ చెప్పడానికి నేను జర్మన్ వాక్యం కూడబలుక్కుంటుండగా ఆయన ముక్కు ఎగబీల్చి, "కందిపప్పేనా అమ్మాయ్?" అన్నారు. ఆ పూట మా ఇంట్లోనే తిన్నారు. చెంచాతో మొదలుపెట్టి, సగంలో చెంచా పక్కన పెట్టేశారు. వెళ్లేటప్పుడు బాబాయి అని పిలవమన్నారు. చిన్నాయన అంటానంటే ఆ మాట తనకి తెలీదన్నారు.

అప్పటి నుంచి ఆరేళ్లు. మేం రెండో అంతస్తు, ఆయన కింద. మా అమ్మాయి విసిరే వస్తువేదీ ఆయన ఉండగా నేల మీద పడలేదు. అలాగని చేతులు చాచి పట్టుకునేవారు కాదు, ముందు ఒక అడుగు పక్కకి పడేది, వస్తువు వచ్చి ఆయన చేతుల్లో ఉండేది. "చేతుల్దేముంది, ముందు కాళ్లు" అనేవారు. మా పిల్లని వసారాలో పీతలా పక్కకి పరిగెత్తించేవారు. అది జర్మన్‌లో విసుక్కునేది, ఆయన తెలుగులో బతిమాలేవారు. నేనేదైనా ఆఫీసు గొడవ చెప్పుకుంటే పూర్తిగా విని, "గోలు పడిపోయిందిగా, బంతి బయటికి తీసి ఇచ్చెయ్యి" అనేవారు. సలహా అడిగినా అడక్కపోయినా అదే.

ఎన్ని ఆటలాడావు బాబాయ్ అని ఒకసారి తెలివితక్కువగా అడిగాను. చలికాలం, ఇద్దరం బీన్సు ఈనెలు తీస్తున్నాం. అప్పుడు చెప్పారు. రెండో గోల్‌కీపరు పనేంటో మీకు తెలుసో లేదో, నాకైతే అప్పటిదాకా తెలీదు. మిగతావాళ్లు అలిసిపోతే వాళ్ల బదులు ఇంకొకర్ని దింపుతారు. గోల్‌కీపర్ని అలా మార్చరు. మొదటివాడు బాగున్నంత కాలం ఏళ్ల తరబడి వాడే. వాడికి దెబ్బ తగిలితేనో, ఎర్రకార్డు చూపించి పంపేస్తేనో రెండోవాడికి ఆట. అందాకా రెండోవాడు రోజూ వాడితో సమానంగా సాధన చెయ్యాలి. ఆట రోజు వాడికంటే ముందు మైదానంలోకి వెళ్లాలి, వాడి ఒళ్లు వెచ్చబడేదాకా బంతులు కొట్టాలి, వాడు ఆటకి వెళ్లేటప్పుడు తన రెండు అరచేతులూ వాడి అరచేతులకి తాటించి బాగా ఆడమని చెప్పాలి. ఆ తర్వాత వెళ్లి కూర్చోవాలి.

"నిజంగానే బాగా ఆడాలని చెప్పేవాణ్ణి అమ్మాయ్. కూర్చున్నాక మాత్రం వాడి కాళ్లకేసే చూస్తుండేవాణ్ణి" అన్నారు బాబాయి.

వాళ్లమ్మ ప్రతి శనివారం వచ్చేవారట. చీర మీద మందపాటి కోటు, తల మీద ఉన్ని టోపీ. ఆవిడ ఆట చూసేవారు కాదు, బెంచీ మీది కొడుకుని చూసేవారు. అయిదేళ్లు చూసి చూసి, మంగళగిరి స్వామికి బిందెడు పానకం మొక్కుకున్నారు. మావాడు ఆడితే చాలు అన్నారు, ఇంకేం అడగలేదు. మీలో గుంటూరు వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను, అక్కడ పానకం స్వామి నోట్లో పోస్తారు. సగం ఆయన తాగి, సగం భక్తులకి వదిలేస్తాడని నమ్మకం.

మొక్కుకున్న నెల లోపలే అయింది. బంతి కోసం ముందుకొచ్చిన మొదటి గోల్‌కీపరు మీదికి అవతలివాడు జారుకుంటూ వచ్చి పడ్డాడు. ఎముక చప్పుడు బెంచీ దాకా వినిపించింది.

"అందరూ లేచి అరుస్తన్నారు. వాడింకా నేల మీదే ఉన్నాడు, డాక్టరు వాడి దగ్గరికి చేరలా. చూసుకుంటే నా జాకెట్ విప్పేసి ఉంది. నన్ను దిగమని ఎవరూ చెప్పలా. నా చెయ్యే జిప్పు లాగేసింది" అన్నారు బాబాయి. బీన్సు గిన్నెలోంచి ఆ చెయ్యి బయటికి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

ఆ రోజు గోలు పడనివ్వలేదు. పడినవాడి కాలు సరిగా అతకలేదు, ఇరవై తొమ్మిదేళ్లకే వాడి ఆట అయిపోయింది. వాడి చోట్లో బాబాయి ఆరేళ్లు నిలబడ్డారు. వాళ్లమ్మ ఆ రాత్రి వంట చెయ్యలేదట, నేనే విరగ్గొట్టాన్రా అని వంటింట్లో కూర్చుండిపోయారట. మూడు నెలలు ప్రతి గురువారం రెండు రైళ్లు మారి ఆ ఆసుపత్రికి పులిహోర పట్టుకెళ్లారు. ఆ జర్మన్ కుర్రాడు ఫోర్కుతో తిని, ఇంకా పెట్టమనేవాడట. ఎందుకు తెస్తున్నారో ఆవిడ చెప్పలేదు, వాడు అడగలేదు. పానకం మాత్రం పొయ్యలేదు. తెనాలి వెళ్లినప్పుడల్లా మంగళగిరి కొండ కింది దాకా వెళ్లి వెనక్కి వచ్చేసేవారు. పోస్తే ఆ కాలు తనే అడిగి తీసుకున్నట్టవుతుందని ఆవిడ భయం.

నువ్వు నమ్ముతవా బాబాయ్ అని అడిగాను. మొక్కు సంగతి నమ్మనన్నారు. జాకెట్ విప్పింది మాత్రం తనే కదా అన్నారు.

రెండేళ్ల కిందట ఆయాసం మొదలైంది. మొదట మా మెట్లెక్కడం మానేశారు, తర్వాత బయటికెళ్లడం మానేశారు. ఊపిరితిత్తులు లోపల మచ్చలు కట్టి గట్టిపడిపోతున్నాయన్నారు డాక్టర్లు. మందుల్తో తగ్గేది కాదు. ఎవరైనా పోతే వాళ్ల ఊపిరితిత్తులు పెట్టాలి, అందుకు జాబితాలో పేరు రాయించుకోవాలి. లేకపోతే ఏడాది, ఏడాదిన్నర. కాగితాల మీద సంతకానికి ఫలానా రోజు రమ్మని టెర్మిన్ ఇచ్చారు. బాబాయి వెళ్లలేదు. ఇంకో టెర్మిన్ ఇచ్చారు. దానికీ వెళ్లలేదు. నేను కిందికి దిగి గొడవపడ్డాను.

"మళ్లీ బెంచీ మీద కూర్చోను" అన్నారు.

పోయేవాళ్లు ఎట్లాగూ పోతారు, నీ వల్ల ఎవరూ పోరని వాదించాను. డాక్టరూ అదే చెప్పాడన్నారు. అది తనకీ తెలుసన్నారు. "కానీ పొద్దున లేచి నేను దేనికోసం ఎదురుచూస్తన్నానో నాకు తెలిసిపోద్దిగా" అన్నారు.

నాకు కోపం ఎక్కువ. ఇంట్లో వాళ్లకి తెలుసు, ఇప్పుడు మీకూ తెలుస్తోంది. "సంతకం పెట్టకపోతే ఇగ నేను కిందికి రాను బాబాయ్, నా బిడ్డను కూడా రానియ్య" అని తలుపు విసిరి వచ్చేశాను. ఆయనకి మేం తప్ప ఎవరూ లేరని తెలిసే ఆ మాట అన్నాను. తొమ్మిది రోజులు నిజంగానే వెళ్లలేదు. ఆయన దగ్గు మా వంటింట్లోకి వినిపిస్తుంటే నీళ్ల కొళాయి తిప్పుకుని పని చేసుకున్నాను. పదో రోజు పొద్దున మా తలుపు కింద సంతకం పెట్టిన కాగితం ఉంది. ఆయన్ని తిరిగి ఆ బెంచీ మీద కూర్చోబెట్టింది నేనే.

పద్నాలుగు నెలలు. సర్దిన సంచీ గుమ్మం పక్కనే. ఫోన్ మెడలో. ఎవరో కరెంటు కంపెనీ మారమని ఫోన్ చేసినా ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్లం. ఆయనకి బిగబట్టడానికి కూడా ఊపిరి లేదు. నేనేమో చలికాలం రాగానే వార్తల్లో రోడ్ల మీద మంచు గడ్డకట్టిందా లేదా చూసేదాన్ని. ఎండాకాలం మోటారు సైకిళ్లు బయటికి తీసే రోజులెప్పుడని చూసేదాన్ని. ఒకసారి ఆటోబాన్ మీద ప్రమాదం జరిగి గంటసేపు ట్రాఫిక్ ఆగిపోతే, పక్కవాళ్లంతా విసుక్కుంటుంటే, నా గుండె ఆశతో కొట్టుకుంది. హెలికాప్టరు దిగింది. ఇంటికెళ్లి ఫోన్ దగ్గరే కూర్చున్నాను. ఆ రోజు రాలేదు. రానందుకు ఏడ్చి, ఏడ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. బాబాయి పద్నాలుగు నెలల్లో ఇరవై కిలోలు తగ్గారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను సాంబారు పట్టుకుని వెళ్లినప్పుడు ఫోన్ వచ్చింది. బాబాయి మాట్లాడి పెట్టేసి, "రమ్మన్నారు" అన్నారు. నేను గిన్నె కింద పెట్టేసి ఆయన్ని పట్టుకున్నాను. ఆయన నన్ను విడిపించుకుని మిగతా మాట చెప్పారు. ఊపిరితిత్తులు వచ్చింది ఆయన కోసం కాదు. ముందు వరసలో ఇంకొకరున్నారు. ఆఖరి పరీక్షల్లో ఆ మనిషికి ఒంట్లో బాగాలేదని తేలితే, అప్పుడు ఈయనకి. అందుకని ఇద్దర్నీ పిలిపిస్తున్నారు.

"రెండోవాణ్ణి" అన్నారు బాబాయి. బూట్లు వేసుకోవడానికి వంగి, ఆయాసం వచ్చి, నాకేసి చూశారు. నేనే వేశాను.

ఆసుపత్రిలో గౌను తొడిగించారు, రెండు చేతులకీ సూదులు గుచ్చారు, ఛాతీ గొరిగారు. అన్నీ సిద్ధం. నడవా చివర మంచం మీద కూర్చోబెట్టి ఆగమన్నారు. ఎదురుగా ఉన్న గది తలుపు తీసినప్పుడు మొదటి మనిషి కనబడింది. ముప్పయ్యేళ్లుంటాయేమో, సన్నటి, బాగా పొడుగైన అమ్మాయి. పక్కన వాళ్లమ్మ కాబోలు, చేతిలో ఉన్ని సాక్సులు పట్టుకుని నిలబడి ఉంది. నేను బాత్రూంకని చెప్పి వెళ్లాను. మంగళగిరి నేను ఎప్పుడూ చూడలేదు, ఆ స్వామి మా ఇంటి దేవుడు కూడా కాదు. వాష్‌బేసిన్ పట్టుకుని కళ్లు మూసుకున్నాను. స్వామీ, ఆ పిల్లకి జ్వరం రానీ అన్నాను. పెద్దది వద్దు, ఆపరేషన్ ఆగేటంత చాలు, బిందెడు పానకం పోస్తాను అన్నాను. ఆపరేషన్ ఆగితే ఆ పిల్ల ఏమైపోతుందో నాకు తెలుసు. తెలిసే అడిగాను. ఇది అచ్చులో రాయొద్దని మా ఆయన అన్నాడు, రాస్తున్నాను.

తిరిగొచ్చి పక్కన కూర్చోగానే బాబాయి నా మొహం చూశారు.

"మొక్కావా?"

నేను ఆయన గౌను ముడి సరిచేశాను.

"మా అమ్మ మొహం పెట్టుకొచ్చావు. తీసెయ్యి అమ్మాయ్."

"మొక్కును ఎట్ల తీసేస్తరు బాబాయ్?"

"తెలీదు. మా అమ్మకీ తెలీలా" అన్నారు.

అప్పుడే ఆ అమ్మాయి మంచం తోసుకుంటూ బయటికి తెచ్చారు. బాబాయి లేచారు. నర్సు వద్దన్నా వినలేదు, ఆక్సిజన్ గొట్టం ఎంత దూరం వస్తే అంత దూరం నడిచి, రెండు అరచేతులూ ఎత్తి ఆ అమ్మాయి ముందు పట్టుకున్నారు. ఆ పిల్లకి ఏమర్థమైందో, దుప్పట్లోంచి చేతులు తీసి ఆయన చేతులకి తాటించింది. బాగా ఆడు అని జర్మన్‌లో చెప్పారు. మంచం తలుపులు దాటి వెళ్లిపోయింది. ఆయన తిరిగొచ్చి కూర్చున్నారు. తర్వాత రెండు గంటలు ఆ తలుపు మీంచి కళ్లు తిప్పలేదు.

సాయంత్రం డాక్టరొచ్చాడు. ఆమెకి సరిపోయాయి, ఆపరేషన్ బాగా నడుస్తోంది, మీరు ఇంటికి వెళ్లొచ్చు అన్నాడు. చేయి కలిపాడు. మా ఆయన కారు తెచ్చాడు. బాబాయి ముందు సీట్లో, నేను వెనక. చాలా దూరం వచ్చాక ఆయన అద్దంలోకి చూస్తూ అన్నారు.

"నాకు ఆడాలనుందే అమ్మాయ్. ఇంకా ఆడాలనే ఉంది."

మా ఆయన కారు పక్కకి తీసి ఆపాడు. మళ్లీ బాబాయే అన్నారు.

"నువ్వేం మొక్కావో నేనడగను. అక్కడ కూర్చుని నేనేం కోరుకున్నానో నువ్వూ అడగబాక."

ఆ తర్వాత ఏడు వారాలు బతికారు. మార్చిలో ఆసుపత్రిలోనే ఉంచేశారు. జాబితాలో పైకి తెచ్చామన్నారు. నేను రోజూ ఆఫీసు నుంచి నేరుగా వెళ్లేదాన్ని, రోజూ డాక్టర్ని అదే ప్రశ్న అడిగేదాన్ని, అతను రోజూ అంతే ఓపిగ్గా లేదని చెప్పేవాడు. ఇంకెవరి దగ్గరికెళ్లి అడగాలో తెలిసేది కాదు. నా ఊపిరితిత్తుల్లో ఒకటి ఇస్తానంటే, ఆయన ఎత్తుకి అది చాలదన్నాడు. మా అమ్మాయి ఆయనతో ఫోన్‌లో తెలుగు మాట్లాడింది, వరసగా నాలుగు వాక్యాలు. ఎవరు నేర్పారో తెలీదు.

సోమవారం సాయంత్రం మాస్కు పక్కకి తీసి, "ఆ అమ్మాయి బతికిందా?" అని అడిగారు. ఆ విషయం ఆసుపత్రి వాళ్లు చెప్పరు, చెప్పకూడదు. నాకు తెలీదు. "బతికింది బాబాయ్, ఇంటికి పోయింది" అన్నాను. మంచిది అన్నారు. మంచిదని అన్నాక గోడ వైపు తిరిగి పడుకున్నారు. భుజం మీద చెయ్యి వేశాను. తియ్యమనలేదు, తిరగలేదు. ఆయన నా మీద ఒక్కసారి అరిచినా బాగుండేది. అవే ఆఖరి మాటలు, ఆ కాఫీ కాకుండా.

గురువారం ఆయన సామాను తీసుకోవడానికి వెళ్లాను. కళ్లజోడు, చార్జరు, ఒక స్వెట్టరు, అంతే. కవర్లో వేసి ఇచ్చారు. కింద హాల్లో సంతకం పెడుతుంటే వెనక ఒకావిడ గొంతు వినబడింది, లిఫ్టులో వెళ్దామని ఎవర్నో బతిమాలుతోంది. తిరిగి చూస్తే ఆ తల్లి. పక్కన ఆ అమ్మాయి, మూతికి మాస్కు, చేతిలో పరీక్షల కాగితాలు. వద్దని తల ఊపి, మెట్ల కమ్మీ పట్టుకుంది.

నా అబద్ధం నిజమే అయింది. మూడు రోజులు ముందు తెలిసుంటే ఆయన మొహం చూసి చెప్పేదాన్ని. సంతోషించాలని ఎంత ప్రయత్నించినా రాలేదు. ఆ ఊపిరి బాబాయిది అనిపించింది, వెళ్లి అడగాలనిపించింది. కవరు గుండెకి ఆనించుకుని కదలకుండా నిలబడ్డాను. ఆ అమ్మాయి ఎక్కుతోంది. మొదటి మలుపు దగ్గర ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. రెండో అంతస్తు మెట్లు కూడా ఎక్కేసి, అక్కణ్ణుంచి కిందికి వంగి, "అమ్మా, ఇంకా రావేం?" అని జర్మన్‌లో గట్టిగా పిలిచింది.